వేడి మీద తూచిన బొగ్గు

పోయిన వారం మసిపాప తూకపు గదిలో నేల మీద బాసింపట్టు వేసుకుని, మూడేళ్ళనాటి కాగితాల కట్టలు విప్పుతూ ఉండగా కథ ఆపాం. ఆమెకి ముప్పై రెండేళ్ళు. పాప అనడానికి కాస్త ఆలస్యమే. కానీ పొద్దస్తమానం బొగ్గుపొడిలో చేతులు పెట్టి, అదే చేత్తో ముక్కు గోక్కునే మనిషిని ప్రయోగశాలలో ఇంకేమని పిలుస్తారు? ముఖాన మసి లేకుండా వచ్చిన రోజున గేటు దగ్గర సెక్యూరిటీ ఆమెని గుర్తింపు కార్డు అడుగుతాడు.

ఆమె చదువు చెప్పుకోవడానికి సులువు, చేయడానికి చావు. రంపపు పొట్టుని కాల్చి బొగ్గు చేయాలి. పొటాష్ క్షారంతో ఆ బొగ్గుకి కంటికి ఆనని కన్నాలు పెట్టాలి. యూరియాతో కలిపి కొలిమిలో కాల్చి, ఆ కన్నాల అంచుల్లో నత్రజని కూర్చాలి. చివరికి చిటికెడు పొడి మిగులుతుంది. అందులో గ్రాము తీసుకుని, దాని బొరియల గోడలన్నీ విప్పి పరిస్తే ఏడెనిమిది టెన్నిస్ కోర్టులంత నేల. అంత నేల ఉంటే అంత కరెంటు కూర్చోబెట్టొచ్చు. ఆ పొడిని నికెల్ ముక్కకి పూస్తే సూపర్ కెపాసిటర్‌కి ఎలక్ట్రోడ్ అవుతుంది. బ్యాటరీ ఆవులాంటిది, నెమ్మదిగా మేసి నెమ్మదిగా నెమరేస్తుంది. సూపర్ కెపాసిటర్ పెళ్ళిభోజనానికొచ్చిన బ్రహ్మచారి. గుటుక్కున మింగుతుంది, అవసరమైతే అంతా ఒక్కసారే ఇచ్చేస్తుంది. ఎంత మింగగలదో గ్రాముకి ఇన్ని ఫారడ్లని లెక్క చెప్తారు.

మసిపాప బొగ్గు మూడేళ్ళ కిందట గ్రాముకి నాలుగు వందల పదమూడు మింగింది. ఆ అంకె పెద్ద పత్రికలో అచ్చయింది. ఆమెకి పేరొచ్చింది. ఆమె ప్రొఫెసర్‌కి పేరుతోపాటు కొత్త భవనం వచ్చింది. నెల కిందట వేరే దేశపు ప్రయోగశాల నుంచి ఉత్తరం వచ్చింది. మీరు రాసినట్టే చేశాం, మాకు రెండు వందల ముప్పై ఆరే వస్తోంది, మా పొరపాటేమిటో చెప్పగలరా అని. మర్యాదగా అడిగారు. మర్యాదగా అడిగిన ప్రశ్నంత ప్రమాదకరమైంది లోకంలో లేదు. మసిపాప తనూ, పొల్లుపోకుండా పత్రికలో రాసినట్టే, మళ్ళీ చేసింది. మూడుసార్లు. ముప్పై ఆరు, ముప్పై ఎనిమిది, ముప్పై అయిదు. అన్నీ రెండు వందల మీదే.

మిగతా నూట డెబ్భై ఏడు ఫారడ్లు ఎటు పోయాయి? బొగ్గు మింగలేదు కాబట్టి మనిషే మింగిందని అనుమానించి విశ్వవిద్యాలయం విచారణ కమిటీ వేసింది. సోమవారం పదింటికి హాజరు. అంకె కల్పించిందని తేలితే పదకొండు రోజుల్లో జరగాల్సిన డాక్టరేట్ ఆఖరి పరీక్ష రద్దు. ఏడేళ్ళ చదువు, మూడేళ్ళ పేరు రెండూ బుగ్గి. ఇన్నాళ్ళూ బొగ్గుకి చార్జి ఎక్కించిన మనిషి మీదే ఇప్పుడు చార్జి మోపారు.

ఇదిగో, శనివారం పదకొండు గంటలు. ఆమె చేతిలో ఇప్పుడు రెండు కాగితాలున్నాయి. ఒకటి ఓవెన్ పుస్తకంలో పేజీ. రెండోది తక్కెడ తనంతట తానే ముద్రించే చీటీ.

ఆ ప్రయోగశాలలో ఒక నియమం ఉంది. ఎలక్ట్రోడ్‌ని ఓవెన్‌లోంచి తీశాక, అది కూర్చున్న చిన్న గాజు గిన్నెతో సహా, తేమ చొరని మూత డబ్బాలో గంటసేపు చల్లార్చాలి. తర్వాతే తూచాలి. వేడి గిన్నె చుట్టూ గాలి వేడెక్కి పైకి లేస్తుంది, లేస్తూ తక్కెడ పళ్ళేన్ని కూడా కాస్త ఎత్తుతుంది. దాంతో తూకం తగ్గుతుంది. ఎంత? మిల్లీగ్రాము కూడా ఉండదు. కూరగాయల కొట్లో ఆ తేడాకి ఎవరూ కొట్టుకోరు. కానీ ఎలక్ట్రోడ్ మీద ఉన్న బొగ్గే మొత్తం రెండు మిల్లీగ్రాములు.

పుస్తకంలో బయటికి తీసిన టైము పదకొండూ పది. చీటీ మీద తూచిన టైము పదకొండూ పద్నాలుగు.

నాలుగు నిమిషాలు.

పూసిన ముద్దని బట్టి అక్కడ రెండు పాయింట్ ఒక మిల్లీగ్రాము బొగ్గు ఉండాలి. చీటీ ఒకటి పాయింట్ రెండే అంటోంది. మింగిన కరెంటు ఒకటే. దాన్ని ఎక్కువ బరువుతో భాగిస్తే రెండు వందల ముప్పై ఆరు. తక్కువ బరువుతో భాగిస్తే నాలుగు వందల పదమూడు. మసిపాపకి కాలిక్యులేటర్ అక్కర్లేకపోయింది. మూడేళ్ళుగా పూజించిన అంకె మొత్తం వేడిగాలి.

చీటీ పక్కన పెన్సిల్‌తో ఎలక్ట్రోడ్ నంబరు ఏడు. ఏడు నడుముకి అడ్డంగా ఒక గీత. ఆ ఏడుని అలా బెల్టు పెట్టి నిలబెట్టే మనిషి ఆ భవనంలో ఒక్కడే.

ఆమె లేచి కొలిమి గదికి నడిచింది.

*

కొలిమి బావ నిజంగానే ఆమెకి బావ. అక్క మొగుడు. ముప్పై ఏళ్ళుగా ఆ ప్రయోగశాల కొలుములు చూస్తున్న టెక్నీషియన్. మసిపాప చదువుకోసం అక్కడ చేరి, మొదటి రోజు వరండాలో బావా అని పిలిచింది. అంతే, నెల తిరిగేసరికి ఊడ్చేవాళ్ళ దగ్గర నుంచి డైరెక్టర్ దాకా అందరికీ ఆయన బావే. నాకు భార్య ఒక్కతే గానీ మరదళ్ళు, బావమరుదులు కలిపి నూట నలభై మంది అని ఆయన చెప్పుకునేవాడు.

లోపల గొట్టం కొలిమి ఎర్రగా మూలుగుతోంది. యూరియా కాలిన ఘాటు కళ్ళలోకి కొట్టింది.

"రా మసీ. ఎనిమిది వందల డిగ్రీలకి చేరింది. ఇంకో నలభై నిమిషాలు కూర్చుంటే అయిపోయినట్టే. అది సరే గానీ, యూరియా ఏంటి అంత దట్టించావు? ఇలా ఇంటికెళ్తే మీ అక్క నన్ను గుమ్మంలోనే నిలబెట్టి బకెట్టుతో కుమ్మరిస్తుంది."

ఆమె చీటీ ఆయన ముందు పెట్టింది.

"ఈ రాత మీదేనా?"

బావ కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి లాక్కున్నాడు. చీటీ కన్నా ముందు ఆమె ముఖం చూశాడు. ఆ ఇంట్లోకి ఆయన అల్లుడుగా వచ్చినప్పుడు ఆమెకి ఏడేళ్ళు. అప్పటి నుంచి ఆయన్ని నువ్వనే అంది. ఒక్కసారైనా మీరు అనలేదు. ఇప్పుడన్న ఆ మీరులో మర్యాద లేదు.

"నాదేనమ్మా. ఏం?"

"ఆ రోజు నాకు మైక్రోస్కోప్ దొరికింది. నాలుగు నెలలు వరసలో ఉంటే వచ్చిన ఒక్క గంట. పన్నెండున్నరలోపు ఎలక్ట్రోడ్ టెస్టింగ్ మిషన్‌లో పెట్టకపోతే ఆ మిషన్ వంతు ఇంకో రెండు వారాలకి గానీ రాదు. నేను గుమ్మం దగ్గర అటూ ఇటూ గింజుకుంటుంటే, నువ్వెళ్ళు, నేను తూచి పెడతా అన్నారు."

"అన్నాను."

"నాలుగు నిమిషాలకే తూచారు."

"చల్లారిందనుకున్నా. ఊరికే అనుకోలేదు, చేత్తో పట్టుకుని చూశా. చల్లగానే ఉంది." ఆయన కుడిచేయి చాపాడు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు. చివర్లు నున్నగా, పాత చెప్పు అడుగులా మెరుస్తున్నాయి. "ముప్పై ఏళ్ళు కొలిమిలోంచి పొడి నింపిన పింగాణీ పడవలు వేడివేడిగా తీసిన వేళ్ళు కదా, వీటికి వేడంటే లెక్కలేకుండా పోయింది. మీ అక్క పెట్టే చివాట్లకి చెవులు అలవాటైనట్టు." నవ్వబోయి ఆగాడు. "అయినా ఇదంతా నీకు తెలిసిందే కదమ్మా. ఇప్పుడెందుకు తవ్వడం?"

కొలిమి మూలుగుతూనే ఉంది.

"నాకు తెలిసిందేంటి?"

"అదే. రెండేళ్ళ కిందట చెప్పారు కదా నీకు."

"ఎవరు?"

"సారు."

బావ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చెప్పుకొచ్చాడు. రెండేళ్ళ కిందట ఒక రోజు వేడి పలక మీద చేయి పెట్టి, పక్క గది మెకానిక్‌తో కబుర్లాడుతున్నాడట. ఏదో మాడుతున్న వాసన వచ్చిందట. రబ్బరు ట్యూబు అనుకుని అటూ ఇటూ వెతికాడట. మాడుతోంది తన వేళ్ళేనట. డాక్టరు సూది గుచ్చి చూసి, ఈ మూడు వేళ్ళకీ స్పర్శ పోయి కనీసం అయిదేళ్ళయి ఉంటుంది, మీకు తెలియలేదా అన్నాడట.

"అయిదేళ్ళు అనగానే నాకు ఆ గాజుగిన్నె గుర్తొచ్చింది మసీ. ఇంకేమీ గుర్తు రాలేదు. మర్నాడు పొద్దున్నే సారుకి ఉత్తరం రాసిచ్చా. తప్పు నాదని. ఆయన చదివి, నా భుజం తట్టి, నేను చూసుకుంటా అన్నారు. పత్రికకి దిద్దుబాటు పంపిస్తా, మసిపాపకి నేనే చెప్తా, నువ్వు మాత్రం ఆ అమ్మాయి దగ్గర ఎత్తకు, పైకి అనకపోయినా లోపల చాలా చిన్నబోతుంది అన్నారు. నేను ఎత్తలేదు. నువ్వూ ఎత్తలేదు. ఒక్క మాట అనలేదు నన్ను. ఎంత పెద్ద మనసు దీనిది అనుకున్నా. మీ అక్కకి చెప్తే ఏడ్చింది. ఆ చలికాలమే కదా నీకు ఆ నీలం కోటు కొనిచ్చింది."

మసిపాపకి ఆ కోటు గుర్తుంది. పుట్టినరోజూ కాదు, పండగా కాదు. ఎందుకక్కా ఇంత ఖరీదైంది అని అడిగితే అక్క ఏమీ చెప్పకుండా బొత్తాలు తానే పెట్టి, గడ్డం పట్టుకుని వదిలింది. రెండేళ్ళుగా ఆ ఇంట్లో ఆమె చేయని క్షమకి ఆమెని సన్మానిస్తున్నారు. ఆ కోటు ఇప్పుడు కూడా ఒంటి మీదే ఉంది. విప్పేయాలనిపించింది. కొలిమి పక్కన చెమటలు పట్టడం వల్ల కాదు.

"దిద్దుబాటేమీ వెళ్ళలేదు," అంది. "నాకెవరూ చెప్పలేదు."

బావ అర్థం కానట్టు చూశాడు.

"మరి నువ్వు... ఈ రెండేళ్ళూ..."

"ఈ రెండేళ్ళలో అరవై ఒక్క సార్లు కాల్చాను. యూరియా పెంచి, తగ్గించి. క్షారం మార్చి. ఏడు వందల దగ్గర, తొమ్మిది వందల దగ్గర. ప్రతిసారీ రెండు వందల ముప్పై, నలభై. ప్రతిసారీ ఏడ్చుకుంటూ మళ్ళీ పొట్టు జల్లెడ పట్టుకున్నాను. ఆ అరవై ఒక్క పడవలూ కొలిమిలో పెట్టింది ఎవరు?"

"నేనే."

"ఒక్కసారైనా అడగాలనిపించలేదా, ఇదంతా ఎందుకే అని?"

"కొత్తగా ఇంకేదో మంచిది పట్టాలని చూస్తున్నావనుకున్నా."

"లేనిదాన్ని పట్టాలని చూశాను. మీ వేళ్ళకి స్పర్శ పోయిందంటే రోగం బావగారూ, దానికెవరూ ఏమీ అనరు. మరదలు మీ కళ్ళ ముందే అరవై ఒక్క సార్లు కాలిపోతుంటే తెలియలేదంటే, దానికి ఏ డాక్టరు దగ్గరికెళ్తారు?"

ఆ బావగారూ అన్న మాట ఆయనకి తగలాల్సిన చోటే తగిలింది. అక్కడ మాత్రం స్పర్శ ఉంది. ఆయన నోరు విప్పేలోపు ఆమె వెళ్ళిపోయింది.

*

ప్రొఫెసర్‌ని వెనక అందరూ రంధ్రాల మాస్టారంటారు. బొగ్గులో రంధ్రాలు వెతకడం ఆయన వృత్తి, మనుషుల్లో రంధ్రాలు వెతకడం ప్రవృత్తి. ఎవరి థీసిస్ ఇచ్చినా గంటలో ఏడు కన్నాలు చూపించేవాడు. రంధ్రాన్వేషణ అన్న మాట బొగ్గువాళ్ళ కోసమే పుట్టిందని తానే అని తానే నవ్వుకునేవాడు. కొత్త భవనం రెండో అంతస్తులో ఆయన గది. బల్ల మీద గాజు సీసాలో చెంచాడు నల్లపొడి, దాని మీద బంగారు రంగు అంకె 413. పక్కన పాతకాలం టెలిఫోను. గోడ మీది గడియారం పన్నెండుకి పావు తక్కువ చూపిస్తోంది.

"కూర్చోమ్మా. నీ కోసమే చూస్తున్నా," అన్నాడాయన. "పన్నెండింటికి కమిటీ అధ్యక్షురాలు ఫోన్ చేస్తుంది. ఆ ఎలక్ట్రోడ్ ఎవరు తూచారో పేరు కావాలట."

మసిపాప కూర్చోలేదు. "బావ ఇచ్చిన ఉత్తరం ఎక్కడుందండీ?"

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. ఆ తర్వాత సొరుగు తాళం తీశాడు. అంత తేలిగ్గా తీస్తాడని ఆమె అనుకోలేదు. ఏ ఉత్తరం అంటాడనుకుంది. అబద్ధం చెప్తే కోపం తెచ్చుకోవడానికి సిద్ధపడి వచ్చిన మనిషికి నిజం చేతిలో పెడితే ఆ కోపాన్ని ఎక్కడ దించాలో తెలియదు.

గళ్ళ కాగితం. బావ గుండ్రటి అక్షరాలు.

"ప్రొఫెసర్ గారికి, ఏడో నంబరు ఎలక్ట్రోడ్ తూచింది నేను. గంట ఆగాల్సింది, నాలుగు నిమిషాలకే తూచాను. నా చేతికి వేడి తెలియదన్న సంగతి నాకే తెలియదు. పత్రికలో వచ్చిన అంకె అందువల్ల ఎక్కువ అయి ఉంటుంది. తప్పు నాది, ఆ అమ్మాయిది కాదు. దయచేసి సరిచేయించండి." కింద సంతకం. సంతకం కింద రెండేళ్ళ కిందటి తారీఖు.

చదవడం అయ్యాక ఆమె మడత పెట్టలేదు. బల్ల మీదే పరిచి ఉంచింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఈ భవనానికి పునాది రాయి వేస్తున్న వారం అది. మంత్రి రాబోతున్నాడు. అప్పుడు చెప్తే రాయి మన నెత్తి మీద పడేది. పడితే నీ నెత్తి మీద కూడా పడేది, అది మర్చిపోకు."

"తర్వాతైనా?"

"తర్వాత నువ్వే పట్టేస్తావనుకున్నా. నిజంగా. నీకున్నంత పట్టుదల నేను చూడలేదు. ఆర్నెల్లు తిరక్కుండా నాలుగు వందలు దాటిస్తావు, అప్పుడు పాత అంకె తప్పయినా తేడా ఉండదు అనుకున్నా. నిన్ను నమ్మానమ్మా."

"మీరు నమ్మింది నన్ను. మోసం చేసింది కూడా నన్నే. ఒకే మనిషితో రెండు పనులూ కానిచ్చారు."

ఆయన ముందుకి వంగి, క్లాసులో కష్టమైన సమీకరణం విడమరిచే గొంతుతో మొదలుపెట్టాడు.

"విను. ఇందులో నీ తప్పు రవ్వంత లేదు. అది రుజువు కావాలి. మీ బావ ఒప్పుకుంటూ ఒక ఉత్తరం ఇవ్వాలి. ఇదే ఉత్తరం. మాటలు ఇవే. ఒక్క తారీఖు మాత్రం ఇవాళ్టిది వేయాలి. పాతది నేను చించేస్తా. సోమవారానికి నువ్వు కడిగిన ముత్యానివి. పదకొండు రోజుల్లో డాక్టరువి."

"ఇవాళ్టి తారీఖు వేస్తే బావ మూడేళ్ళు దాచినట్టు అవుతుంది."

"అవుతుంది."

"ఉద్యోగం తీసేస్తారు."

"పద్నాలుగు నెలల్లో ఎలాగూ రిటైరవుతాడు. ఓ ఏడాది ముందు." ఆయన చేతులు విప్పాడు. "పాత తారీఖు ఉంటే నేను పోతాను. పోనీ, నన్ను పక్కన పెట్టు. నేను పోతే నీ గైడు పోయినట్టు. గైడు లేకపోతే పరీక్ష ఉండదు. కొత్త గైడుని వెతుక్కోవాలి. ఇంత గొడవ అయ్యాక నిన్నెవరు తీసుకుంటారు? తీసుకున్నా కొత్త అంశం, మళ్ళీ నాలుగేళ్ళు. నువ్వే తూచి చూసుకో."

తూచి చూసుకోమన్నప్పుడు ఆయన గొంతులో వెటకారం లేదు. అదే భరించలేకపోయింది. కిటికీలోంచి కింద పాత భవనపు వరండా కనిపిస్తోంది. ఆ వరండాలో ఏడేళ్ళ కిందట ఆమె బావా అని పిలిచింది. ముప్పై రెండేళ్ళకి ఇంకోసారి మొదలుపెట్టడం ఎలా ఉంటుందో ఊహించుకుంది. మళ్ళీ పొట్టు, మళ్ళీ జల్లెడ, తనకంటే పదేళ్ళు చిన్నవాళ్ళు తనకి మిషన్ల టైము కేటాయించడం. సిగ్గుపడాల్సిన ఆలోచన అని తెలుసు. అయినా వచ్చింది, వచ్చి కాసేపు కూర్చుంది కూడా. బావ మీద ఇందాకటి కోపం ఇంకా ఆరలేదు. ఒక్క మాటతో, ఒక్క మౌనంతో ఆ కోపాన్ని అమ్ముకోవచ్చు.

తలుపు తెరుచుకుంది. బావ. రెండంతస్తులు ఎక్కి రొప్పుతున్నాడు.

"కొలిమి దగ్గర ఎవరున్నారు?" అన్నాడు ప్రొఫెసర్ ముందుగా.

"ఎవరూ లేరండి. అదే కాలుతుంది." ముప్పై ఏళ్ళలో ఆయన రగిలే కొలిమిని వదిలి గది దాటి ఎరగడు. "బయట నిలబడి విన్నాను సార్. తలుపు పల్చగా కట్టించారు. కొత్త భవనం కదా." మరదలి వైపు చూడకుండా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "కాగితం ఇవ్వండి. రాసిస్తా."

"రాయకు బావా," అంది మసిపాప. నువ్వు తిరిగొచ్చింది. ఎప్పుడొచ్చిందో ఆమెకే తెలియదు.

"నువ్వూరుకో. ఎలాగూ వచ్చే ఏడాది ఇంటికెళ్ళాల్సినవాణ్ణే. ముందెళ్తే మీ అక్కకి కూరగాయలు తరిగిపెడతా. కత్తి వేడిగా ఉండదుగా, భయం లేదు."

"జోకులెయ్యకు."

"ఏడవమంటావా? అది కూడా చేశానులే, మెట్ల మీద." పెన్ను మూత తీశాడు. "అరవై ఒక్కసార్లు కాల్చానన్నావు చూడు. ఆ లెక్క నేను వేసుకోలేదు. ఆ లెక్క నేను వేసుకోవాల్సింది. నాకీ మాత్రం శిక్ష ఉండొద్దా?"

"నీకు ఉండాల్సిన శిక్ష వేరు. ఆయనకి పడాల్సింది నువ్వెందుకు మోస్తావు?"

"తొందరగా," అన్నాడు ప్రొఫెసర్ గడియారం చూస్తూ.

బావ పాత ఉత్తరం చూసి కొత్త కాగితం మీద ఎక్కించడం మొదలుపెట్టాడు. స్పర్శలేని వేళ్ళకి పెన్ను జారుతోంది. అక్షరం అక్షరం కూర్చి, చివరికి వచ్చి, సంతకం చేశాడు. తారీఖు దగ్గర ఆగాడు.

ఫోను మోగింది.

ప్రొఫెసర్ ఎత్తి, రెండు మాటలు మాట్లాడి, ఇక్కడే ఉందండి అంటూ రిసీవరు మసిపాపకి అందించాడు. అందిస్తూ ఆమె కళ్ళలోకి చూశాడు. అవతల ఒక పెద్దావిడ గొంతు, పొడిగా, తొందరేమీ లేకుండా.

"అమ్మా, ఒక్క ప్రశ్నే. మిగతావి సోమవారం. ఆ ఏడో నంబరు ఎలక్ట్రోడ్ తూచింది మీరేనా?"

"కాదండి," అంది మసిపాప. "తూచింది మా బావ. తప్పు తూచానని తెలిసిన మర్నాడే రాసిచ్చాడు. రెండేళ్ళయింది. ఆ ఉత్తరం ఇప్పుడు నా ముందు..."

లైను పోయింది. ఫోను పీట మీద ప్రొఫెసర్ వేలు ఉంది.

"ఉద్రేకపడకు," అన్నాడాయన నెమ్మదిగా. "లైను కట్టయిందంటే కట్టయింది. ఆవిడ మళ్ళీ చేస్తుంది. ఈసారి నేను మాట్లాడతా." వేలు తీసి, ఆమె చేతిలోంచి రిసీవరు తీసుకుని పీట మీద పెట్టేశాడు. అదే ఊపులో రెండు చేతులూ పాత ఉత్తరం మీదికి వెళ్ళాయి. మసిపాప అరచేయి అంతకంటే ముందు దాని మీద పడింది. పైసగం ఆయన గుప్పిట్లో, సంతకం ఉన్న సగం ఆమె అరచేతి కింద. ఎవరు లాగినా చిరుగుతుంది. చిరిగితే ఆయనకి లాభం. అది తెలిసి ఆమె లాగలేదు. ఆమె వదిలేస్తుందేమోనని ఆయనా లాగలేదు. నలభై ఏళ్ళ అనుభవం, ఏడేళ్ళ చదువు ఒక గళ్ళ కాగితానికి అటూ ఇటూ వంగి నిలబడ్డాయి.

ఫోను మళ్ళీ మోగింది.

ప్రొఫెసర్ చేయి తీయలేదు. మసిపాప చేయి తీయలేదు. మూడుసార్లు మోగింది. నాలుగోసారి బావ పెన్ను కింద పెట్టి రిసీవరు ఎత్తాడు.

"హలో. ఆమె కాదండి. నేను వాళ్ళ బావని, కొలిమి దగ్గర పనిచేస్తా. ఆఁ, ఆ తూచింది నేనే."

పాత ఫోను. అవతలి గొంతు గదంతా వినిపించింది.

"సంతోషం. ఇందాక ఆ అమ్మాయి అన్నది లైనులో సరిగా వినపడలేదు, మిమ్మల్నే అడుగుతా. ఈ సంగతి మీ ప్రొఫెసర్‌కి మీరు ఎప్పుడు చెప్పారు?"

ప్రొఫెసర్ పెదాలు కదిలాయి. శబ్దం లేదు. ఇవాళ, అంటున్నాయవి. మసిపాప అడ్డంగా తలూపింది. నిజం చెబితే బావ ఉద్యోగం నిలబడుతుంది, ఆమె చదువు కూలుతుంది. అబద్ధం చెబితే ఆమె డాక్టరు, ఆయన దొంగ. బావ ఇద్దరినీ చూశాడు. మరదలి ముఖాన ఉన్న మసిని కాస్త ఎక్కువసేపు చూశాడు.

"ఆ తారీఖు నాకు బాగా గుర్తుందండి," అన్నాడు, తన ముందున్న కొత్త కాగితం మీద ఇంకా ఖాళీగా ఉన్న చోటు మీద వేలు పెట్టి.